ఆరు వందల షేర్లు రెండు వందల నలభై ఎలా అయ్యాయి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా గనుల మీదే వచ్చాయి. పోయిన నెల పశ్చిమ ఆస్ట్రేలియాలోని బంగారు గనుల ఊరు కాల్గూర్లీ కబుర్లు నాలుగు ముక్కలు రాసిన ఫలితం ఇది. అక్కడ పదకొండేళ్ళు ఒక డ్రిల్లింగ్ కాంట్రాక్టర్ దగ్గర, కోర్ షెడ్‌లో పనిచేశానని చెప్పాను కదా. నేలలోంచి తీసిన రాతి కడ్డీలను ట్రేలలో పరిచి, నీళ్ళు చల్లి, భూతద్దం పెట్టి, మీటరు మీటరుకూ ఏముందో రాసుకోవడమే నా పని. ఇప్పుడు తార్నాకలో రిటైర్డ్ జీవితం. నేను షేర్ల సలహాదారును కాను, రాళ్ళు చూసే మనిషిని. నా జవాబులు ఆ లెక్కలోనే తీసుకోండి.

ప్రశ్న: మేడమ్, నా వయసు 66. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడు ఆస్ట్రేలియాలో ఆరెంజ్ అనే ఊళ్ళో పద్నాలుగేళ్ళు ఉన్నాడు. గనిలో ఎలక్ట్రికల్ పని. పెళ్ళి చేసుకోలేదు. 2022లో పోయాడు. వీలునామా నా పేరున రాశాడు. వాడి సూట్‌కేసులో న్యూక్రెస్ట్ అనే కంపెనీవి 600 షేర్లు ఉన్నట్టు కాగితం దొరికింది. మా అబ్బాయి వెతికితే ఆ కంపెనీయే ఇప్పుడు మార్కెట్లో లేదంటున్నాడు. తర్వాత వచ్చిన కవరు మీద న్యూమాంట్ అని వేరే పేరు, లోపల 240 అని అంకె ఉంది. మిగతా 360 ఎవరు తిన్నారు? వాడి కష్టార్జితం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఉన్నవి ఉంచుకోవాలా, అమ్మాలా? అసలు మమ్మల్ని అడగకుండా ఎలా మార్చేస్తారు? (కె.ఎస్., మల్కాజ్‌గిరి)

జవాబు: టీచరుగారూ, ఇవాళ హాయిగా నిద్రపోండి. ఎవరూ తినలేదు. లెక్క మీకే వదిలేస్తాను: 600ను 0.4తో గుణించండి.

న్యూక్రెస్ట్ అనే ఆస్ట్రేలియా బంగారం కంపెనీని అమెరికా బంగారం కంపెనీ న్యూమాంట్ కొనేసింది. 2023 నవంబర్ 6న ఆ పని పూర్తయింది. ఒక్కో న్యూక్రెస్ట్ షేరుకు 0.400 న్యూమాంట్ షేరు ఇవ్వాలన్నది ఒప్పందం. న్యూమాంట్ షేరు ఖరీదు ఎక్కువ కాబట్టి, రెండున్నర పాత షేర్లకు ఒక కొత్త షేరు వచ్చింది. సంఖ్య తగ్గింది గానీ విలువ తగ్గలేదు. ఇది కాక, షేరుకు 1.10 అమెరికన్ డాలర్ల ప్రత్యేక డివిడెండ్ కూడా ఇచ్చారు. అంటే 600 షేర్లకు 660 డాలర్లు. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మీ తమ్ముడి బ్యాంకు ఖాతా అప్పటికే మూసేసి ఉంటే ఆ డబ్బు తిరిగి వెళ్ళి, చెల్లించని డివిడెండ్ల పద్దులో కూర్చుని ఉంటుంది. ముందు దాన్ని అడగండి.

ఈ 0.4 ఎక్కడ నుంచి వచ్చిందో కూడా చెప్తాను, మీకు నచ్చుతుంది. బేగంబజారులో రాగి బిందె బేరం ఆడినట్టే నడిచింది. న్యూమాంట్ మొదట 0.363 ఇస్తానంది. కాదన్నారు. 2023 ఫిబ్రవరిలో 0.380 అంది. చాలదన్నారు, కానీ తలుపు వెయ్యలేదు, లెక్కల పుస్తకాలు కొంచెం తెరిచి చూపించారు. ఏప్రిల్‌లో 0.400తో పాటు ఆ 1.10 డాలర్లు కూడా కలిపేసరికి బోర్డు మెత్తబడింది. మే నెలలో సంతకాలయ్యాయి. మీ తమ్ముడి 600 షేర్ల మీద మొదటి బేరానికీ చివరి బేరానికీ తేడా వేసి చూడండి: 22 షేర్లు, పైన 660 డాలర్లు. కొనేవాడు మొదట చెప్పిన ధరకు తల ఊపకపోతే ఎంత మిగులుతుందో ఇందులో తెలుస్తుంది.

‘మమ్మల్ని అడగకుండా ఎలా మార్చేస్తారు’ అని మీ ఉత్తరం చివర్లో రాశారు. అడిగారు. ఆ కవరు మీ తమ్ముడి పాత అడ్రసుకు వెళ్ళి ఉంటుంది, అంతే. ఆస్ట్రేలియాలో పెద్ద విలీనాలు చాలా వరకు ‘స్కీమ్ ఆఫ్ అరేంజ్‌మెంట్’ అనే పద్ధతిలో జరుగుతాయి. వాటాదారుల సమావేశం పెడతారు. పోలైన ఓట్లలో షేర్ల లెక్కన 75 శాతం ‘సరే’ అనాలి, మనుషుల లెక్కన కూడా సగానికి పైగా ‘సరే’ అనాలి. రెండోది చిన్న వాటాదారుల కోసం పెట్టిన నిబంధన. ఆ తర్వాత కోర్టు ఆమోదించాలి. ఇవన్నీ దాటితే, ఓటు వేసినవాళ్ళకూ వెయ్యనివాళ్ళకూ, వద్దన్నవాళ్ళకూ కూడా ఒకటే తీర్పు. న్యూక్రెస్ట్ ఓటింగ్ 2023 అక్టోబర్ 13న జరిగింది. 92 శాతానికి పైగా ఓట్లు విలీనానికే పడ్డాయి. మీ 600 ఎటు పడ్డా ఫలితం మారేది కాదు.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పకుండా ఉండలేను. న్యూక్రెస్ట్ అసలు పుట్టిందే న్యూమాంట్ కడుపున. 1990లో న్యూమాంట్ తన ఆస్ట్రేలియా విభాగాన్నీ, అక్కడి పెద్ద గనుల కంపెనీ బీహెచ్‌పీ వాళ్ళ బంగారం కంపెనీనీ కలిపితే పుట్టిన పిల్ల అది. తర్వాత న్యూమాంట్ దాన్ని వదిలించుకుంది. ఆ పిల్ల మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టి, పెరిగి పెద్దదై, పాపువా న్యూగినీలో లిహిర్ గని, కెనడాలో మరో రెండు గనులు సంపాదించింది. ముప్ఫై మూడేళ్ళ తర్వాత పుట్టింటివాళ్ళే ఖరీదు కట్టి తిరిగి తీసుకెళ్ళారు.

ఇందులో టెల్ఫర్ గని కథ మరీ తమాషా. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో 1970ల్లో ఆ గనిని తెరిచిందే న్యూమాంట్. 1990లో న్యూక్రెస్ట్‌తో పాటు వెళ్ళిపోయింది. 2023లో మళ్ళీ న్యూమాంట్ ఒళ్ళోకి వచ్చింది. ఏడాదైనా ఉంచుకున్నారా అంటే లేదు. 2024 సెప్టెంబర్‌లోనే, పక్కన హావిరాన్ నిక్షేపంలో తమకున్న వాటాతో కలిపి, గ్రేట్‌ల్యాండ్ అనే చిన్న కంపెనీకి 47.5 కోట్ల డాలర్ల దాకా ధరకు అమ్మేస్తామని ప్రకటించారు. మరి కొన్నది దేనికి?

మీ తమ్ముడు పనిచేసిన కేడియా గని కోసం. ఆరెంజ్ ఊరికి నేనొకసారి వెళ్ళాను. పేరు ఆరెంజే గానీ అక్కడ పండేవి ఆపిల్, చెర్రీ, ద్రాక్ష. చలికి నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఊరికి కాస్త దూరంలో గని. అక్కడి రాతిని చూస్తే మీకు బంగారమనే అనుమానమే రాదు. టన్ను రాతిలో గ్రాము బంగారం కూడా ఉండదు. దానితో పాటు కొద్దిగా రాగి. మరి లాభం ఎలా అంటే, రాతిని మనుషులు తవ్వరు, దాని బరువే దాన్ని విరగ్గొడుతుంది. ఖనిజం ఉన్న భాగం అడుగున వెడల్పుగా కోసేస్తారు. ఆధారం పోయాక పైనున్న కొండంత రాయి దానంతటదే కూలుతూ కిందికి జారుతుంది. కిందనుంచి తోడుకోవడమే. ఇంట్లో బియ్యం డబ్బాకి అడుగున మూత పెట్టినట్టు. ‘కేవింగ్’ అంటారు దీన్ని. మొదలుపెట్టడానికి ఏళ్ళూ కోట్లూ ఖర్చవుతాయి, ఒకసారి కూలడం మొదలయ్యాక టన్నుకయ్యే ఖర్చు చాలా తక్కువ. మీ తమ్ముడిలాంటి ఎలక్ట్రికల్ వాళ్ళు లేకపోతే ఆ కన్వేయర్లు గంట కూడా నడవవు.

పిండి చేసిన రాయిలోంచి తీసిన రాగి-బంగారం కాన్సంట్రేట్‌ను (లోహం చిక్కగా ఉన్న పొడిని) నీళ్ళతో కలిపి గొట్టంలో బ్లేనీ అనే ఊరికి తోస్తారు. అక్కడ నీళ్ళు పిండేసి రైల్లో పోర్ట్ కెంబ్లా రేవుకు పంపుతారు. రాగి అమ్మిన డబ్బును బంగారం ఖర్చులోంచి తీసేస్తే, కేడియాలో బంగారం దాదాపు ఉత్తపుణ్యానికి వచ్చిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. బంగారం కంపెనీలు రాగి ఉన్న గనుల వెంట పడటానికి పెద్ద కారణం ఇదే. భూమి లోపలి వేడి నీళ్ళు ఈ రెండు లోహాలనూ కలిపే మోసుకొచ్చాయి, మనం కలిపే అమ్ముకుంటున్నాం.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పనులు. కవరు మీద ఉన్న షేర్ రిజిస్ట్రీకి, అంటే వాటాదారుల పద్దులు చూసే సంస్థకు, ఉత్తరం రాయండి. మరణ ధ్రువపత్రం, వీలునామా, మీ గుర్తింపు కాగితాలు అడుగుతారు. విలువ ఎక్కువైతే ప్రొబేట్, అంటే వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే కాగితం, అడుగుతారు. నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. పాత షేర్ల డబ్బు ఎక్కడైనా చిక్కుకుని ఉందేమో ఆస్ట్రేలియా ప్రభుత్వం వాళ్ళ మనీస్మార్ట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు, డివిడెండ్ల కోసం అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల వెబ్‌సైట్లు కూడా చూడాలి. దానికి రుసుము లేదు. వెతికిపెడతాం, కమీషన్ ఇవ్వండి అంటూ ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే ఆపండి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మీ తమ్ముడు కొన్నది ఆస్ట్రేలియా కంపెనీని. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అమెరికా కంపెనీది. ఆస్ట్రేలియా ఎక్స్‌చేంజ్‌లో అమ్ముకోగలిగే రూపంలో ఉన్నా సరే, కంపెనీ అమెరికాదే. కాబట్టి డివిడెండ్ మీద అమెరికా పన్ను కోస్తుంది. డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపి భారత నివాసినని చెప్తే 25 శాతం, చెప్పకపోతే 30 శాతం. ఇంకొకటి, అమెరికా షేర్లు అరవై వేల డాలర్లు దాటి పెట్టుకుని పోయిన విదేశీయుల వారసుల మీద అక్కడ ఎస్టేట్ పన్ను పడుతుంది. మీ 240 షేర్లు ఆ గీతకు చాలా కింద ఉన్నాయి, భయం లేదు, కానీ మీ అబ్బాయికి ఒక మాట చెప్పి ఉంచండి.

మన వైపు సంగతి: షేర్లు మీ పేరుకు మారాక ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో ‘సహజ్’ ఫారం పనికిరాదు. విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఉన్న ఫారం వెయ్యాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల పెనాల్టీ ఉంది. ఇల్లూ స్థలమూ కాని ఆస్తులు మొత్తం 20 లక్షల లోపు ఉంటే 2024 అక్టోబర్ నుంచి సడలింపు ఇచ్చారు, అయినా దాన్ని నమ్ముకుని దాచకండి. 2023లో జరిగిన షేర్ల మార్పిడిని మన చట్టం అమ్మకంగా చూస్తుందా అన్నది మంచి ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. వీధి చివర రిటర్నులు నింపే కుర్రాడితో కాదు.

ఉంచుకోవాలా అమ్మాలా అని అడిగారు. విలీనమైన మూడు నెలలకు న్యూమాంట్ తన డివిడెండ్‌ను 40 సెంట్ల నుంచి 25 సెంట్లకు తగ్గించింది, షేరు 30 డాలర్ల దరిదాపులకు పడిపోయింది. మీరు అప్పుడు నాకు రాసి ఉంటే మీకు నిజంగానే నిద్ర పట్టేది కాదు. తర్వాత బంగారం లేచింది. 2025 అక్టోబర్‌లో ఔన్సు 4,000 డాలర్లు దాటింది, దాంతో పాటు షేరూ రెండింతలకు పైగా లేచింది. ఇందులో విలీనం గొప్పతనం ఎంతో, బంగారం గొప్పతనం ఎంతో విడదీయడం కష్టం. నా మటుకు నాకు బంగారం వాటాయే ఎక్కువనిపిస్తుంది. మీకు డబ్బు అవసరం ఉంటే సగం అమ్మండి. అవసరం లేకపోతే, తమ్ముడు పనిచేసిన చోటు కదా, ఉంచుకోండి. ఇది షేర్ల సలహా కాదు, అక్కగారికి చెప్పే మాట.

అన్నట్టు, ‘మీ షేర్లు మేం కొంటాం, ఈ కాగితం మీద సంతకం పెట్టి పంపండి’ అని ఎవరి దగ్గర్నుంచైనా ఉత్తరం వస్తే మార్కెట్ ధర చూడకుండా సంతకం పెట్టకండి. ధర తెలియని వారసులను వెతికి సగం ధరకు కొనేవాళ్ళు అక్కడా ఉన్నారు.

ప్రశ్న: కంపెనీని కొనేటప్పుడు వాటాదారులకు నగదు ఇస్తే మంచిదా, షేర్లు ఇస్తే మంచిదా? (ఎం.వి.ఆర్., చిక్కడపల్లి)

జవాబు: నగదు ఇస్తే కథ అక్కడితో ముగుస్తుంది. ఓజెడ్ మినరల్స్‌ను తీసుకోండి. దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రామినెంట్ హిల్, కారపటీనా అనే రాగి గనులున్న కంపెనీ. 2022 ఆగస్టులో బీహెచ్‌పీ షేరుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తానంది. బోర్డు తిప్పికొట్టింది. నవంబర్‌లో 28.25కు వచ్చింది. మొదటి బేరం బయటికి రాకముందు ఆ షేరు 18.92 దగ్గర ఉండేది. అంటే దాదాపు సగం ఎక్కువ. 2023 మే 2న మొత్తం 960 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వ్యవహారం ముగిసింది. వాటాదారు డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి పోయాడు. తర్వాత 2024 మే నెలలో రాగి టన్ను 11,000 డాలర్లు దాటినప్పుడు ఆ సంతోషంలో అతనికి భాగం లేదు.

బీహెచ్‌పీ అంత ఎందుకిచ్చింది అంటే, ఆ రెండు గనులూ దాని ఒలింపిక్ డ్యామ్ అనే రాగి గనికి ఇరుగు పొరుగు. ఒలింపిక్ డ్యామ్‌ను కూడా అది తవ్వి కనిపెట్టలేదు. 1975లో కనిపెట్టింది వెస్టర్న్ మైనింగ్ వాళ్ళు. 2005లో ఆ కంపెనీని బీహెచ్‌పీ సుమారు 920 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు కొంది. అక్కడ రాగి కరిగించే స్మెల్టర్ ఉంది. పక్కింటి కాన్సంట్రేట్ కూడా మన పొయ్యి మీదికే తెచ్చుకోవచ్చు. పైగా కొత్త రాగి నిక్షేపం కనిపెట్టి, అనుమతులు తెచ్చుకుని, తవ్వి మొదటి టన్ను తీసేసరికి పదిహేనేళ్ళు సులువుగా గడిచిపోతాయి. నేను కోర్ చూసిన ఒక చోట తొలి రంధ్రం వేసినప్పుడు మా అమ్మాయి మూడో తరగతి. గని తెరిచేసరికి దానికి ఇద్దరు పిల్లలు. చెక్కు రాసేవాడు రాగితో పాటు ఆ ఏళ్ళను కూడా కొంటున్నాడు.

ఇక షేర్లు ఇస్తే, మీరు డబ్బు తీసుకోవడం లేదు, వేరే కంపెనీని కొంటున్నారు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. కాల్గూర్లీలో ఉండగా ఒక చిన్న బంగారం కంపెనీలో నాకు షేర్లుండేవి. దాని కోర్ నేనే చూశాను, రాయి మంచిదని నా కళ్ళతో తెలుసు. పేరు చెప్పను. ఇంకో కంపెనీ దాన్ని షేర్లకు షేర్లుగా కొంది. ఆ కొనుగోలు గురించి మెత్తటి కాగితంతో దిండంత పుస్తకం వచ్చింది. అందులో స్వతంత్ర నిపుణుడి నివేదిక కూడా ఉంది. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయాను. మంచి గనిని కొన్నవాళ్ళకు అంతకుముందే కొండంత అప్పు ఉందని ఆ పుస్తకంలోనే రాసి ఉంది. రెండేళ్ళలో ఆ కొత్త కంపెనీ చేతులెత్తేసింది. 4,200 డాలర్లు పోయాయి. రాయి మాత్రం ఇంకా మంచిదే. ఇప్పుడు దాన్ని మరొకరు తవ్వుకుంటున్నారు.

కాబట్టి మాస్టారూ, షేర్లు ఇస్తామంటే అమ్ముతున్న కంపెనీ గురించి మీకు తెలిసిందంతా పక్కన పెట్టి, కొంటున్న కంపెనీ అప్పుల పేజీ తెరవండి.

ప్రశ్న: మా అబ్బాయి కొత్తగూడెంలో మైనింగ్ చదివి పెర్త్‌లో బంగారం కంపెనీలో చేస్తున్నాడు. వాళ్ళ కంపెనీని ఇంకో కంపెనీ కొంటోందట. ఇక్కడ సంబంధాలు చూస్తున్నాం. ఉద్యోగం ఉంటుందా పోతుందా? అమ్మాయి తరఫువాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? (పేరు వద్దు, కూకట్‌పల్లి)

జవాబు: వదినగారూ, మీ అబ్బాయి పొద్దున టై కట్టుకుని ఆఫీసుకు వెళ్తాడా, నారింజ రంగు చొక్కా వేసుకుని విమానం ఎక్కి గనికి వెళ్తాడా? జవాబంతా అందులోనే ఉంది.

విలీనమయ్యాక రెండు హెడ్డాఫీసులు అక్కర్లేదు. ఇద్దరు ఫైనాన్స్ పెద్దలు, రెండు సెక్రటరీ విభాగాలు, రెండు అద్దెలు ఉండవు. న్యూక్రెస్ట్‌ను కొన్నప్పుడు న్యూమాంట్ ఏడాదికి 50 కోట్ల డాలర్లు మిగులుస్తానని వాటాదారులకు మాటిచ్చింది. అలాంటి మిగులులో కొంత కొనుగోళ్ళు కలపడం వల్ల వస్తుంది, కొంత ఆఫీసు కుర్చీల్లోంచి వస్తుంది. గని దగ్గర షిఫ్ట్ నడిపేవాడిని తీసేస్తే రాయి బయటికి రాదు, అందుకని అతని జోలికి చివర్న వస్తారు.

కాల్గూర్లీ సూపర్ పిట్ చూడండి. మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఆరువందల మీటర్ల పైచిలుకు లోతు ఉన్న గుంట. 1989లో పాత చిన్న చిన్న గనులన్నీ ఒక నిర్వహణ కిందికి వచ్చాయి. హోమ్‌స్టేక్, నార్మండీ అనే రెండు కంపెనీలవి చెరిసగం. 2001లో హోమ్‌స్టేక్‌ను బారిక్ కొంది, 2002లో నార్మండీని న్యూమాంట్ కొంది. నేను ఊళ్ళో దిగిన కొత్తలోనే ఇదంతా. 2019 చివర, 2020 మొదట్లో ఆ ఇద్దరూ తమ సగాలను సారసెన్‌కు, నార్తర్న్ స్టార్‌కు అమ్ముకున్నారు. 2021 ఫిబ్రవరిలో ఆ రెండూ కలిసిపోయి నార్తర్న్ స్టార్ ఒక్కటే మిగిలింది. ఇన్నిసార్లు యజమానులు మారినా మా పక్కింటి డంపర్ డ్రైవరు అదే గుంటలో, అదే దారిలో, అదే తిట్లు తిడుతూ నడిపాడు. ఆ నార్తర్న్ స్టారే 2025 మేలో పిల్‌బరాలోని హెమీ నిక్షేపం కోసం డీ గ్రే కంపెనీని కూడా కొంది. అలాంటి చోట ఇంకా గని కట్టాల్సి ఉంటుంది కాబట్టి ఇంజనీర్ల అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మీ అబ్బాయిని ఒక్క విషయం హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగమనండి: వర్క్ వీసా మీద ఉంటే, విలీనం తర్వాత స్పాన్సర్ ఎవరు? మిగతాదంతా తర్వాత.

అమ్మాయి తరఫువాళ్ళకు విలీనం గురించి చెప్పకపోయినా ఫర్వాలేదు. ఫైఫో గురించి, అంటే విమానంలో గనికి వెళ్ళి వచ్చే ఉద్యోగం గురించి మాత్రం తప్పకుండా చెప్పండి. రెండు వారాలు ఎడారిలో గని దగ్గర, ఒక వారం ఇంట్లో. కొత్త పెళ్ళికూతురు పెర్త్ అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా కూర్చోవాలి. దాచిపెట్టి పెళ్ళి చేస్తే ఆ తర్వాత నాకు రాసే ఉత్తరం వేరేగా ఉంటుంది, అలాంటివి నా దగ్గర రెండున్నాయి.

ప్రశ్న: పెద్ద బంగారం కంపెనీలన్నీ ఒకటైపోతే తులం ధర ఇంకా పెంచేస్తారా? దసరాకు కొనాలా, ఇప్పుడే కొనాలా? (సికింద్రాబాద్ పాట్ మార్కెట్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పెంచలేరమ్మా. ప్రపంచంలో గనుల నుంచి ఏడాదికి వచ్చే బంగారం సుమారు 3,600 టన్నులు. ఆస్ట్రేలియా మొత్తం కలిపినా సుమారు 300 టన్నులే. పైగా జనాల బీరువాల్లో, బ్యాంకుల లాకర్లలో ఉన్నది దీనికి ఎన్నో రెట్లు. ధర అక్కడ డాలర్లలో తేలుతుంది, ఇక్కడికి రూపాయి మారకంతో, దిగుమతి సుంకంతో వస్తుంది. 2024 జూలైలో మన ప్రభుత్వం సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించిన రోజు పాట్ మార్కెట్లో మీరే చూసి ఉంటారు, ఏ విలీనమూ అంత కదలిక తేలేదు. దసరా సంగతి నన్ను అడక్కండి.

ప్రశ్న: ‘నిఫ్టీలో బిర్లావాళ్ళ రాగి గని’ అని పాత వార్త చదివాను. నిఫ్టీ అంటే షేర్ల సూచీ కదా, అందులో గని ఏమిటి? (ఆర్.పి., దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: నవ్వుకున్నాను, కానీ తప్పు మీది కాదు. నిఫ్టీ అనేది పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో, పైన చెప్పిన టెల్ఫర్ ఉన్న ప్రాంతంలోనే ఉన్న రాగి గని పేరు. బిర్లావాళ్ళ కంపెనీ హిందాల్కో దాన్ని 2003లో కొంది. గుజరాత్‌లో దహేజ్ స్మెల్టర్‌కు కాన్సంట్రేట్ కావాలి, మన దేశంలో దొరికేది చాలదు. అందుకు. 2006లో ఆదిత్య బిర్లా మినరల్స్ పేరుతో ఆస్ట్రేలియా మార్కెట్లో లిస్ట్ కూడా చేశారు. 2014లో అక్కడ నేల కుంగి పెద్ద గుంట పడి కొంతకాలం పని ఆగింది. 2016లో మెటల్స్ ఎక్స్ అనే కంపెనీ దాన్ని టేకోవర్ చేసింది, 2021లో వాళ్ళూ అమ్ముకున్నారు. స్టెరిలైట్ వాళ్ళు కూడా 1999లో టాస్మేనియాలో మౌంట్ లయల్ రాగి గనిని కొన్నారు. అక్కడ 2013 చివర, 2014 మొదట్లో ముగ్గురు కార్మికులు చనిపోయాక గని మూతపడింది. దూరం నుంచి గని కొనడం వేరు, రోజూ దాని కప్పు కింద నిలబడటం వేరు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ‘ఆస్ట్రేలియా గోల్డ్ మైన్ ప్రీ-మెర్జర్ షేర్లు, మూడు నెలల్లో డబుల్’ అంటున్నారు. లక్ష కట్టమంటున్నారు. ఫొటో కూడా పెట్టారు, మీకు పంపుతున్నాను. (టి.ఎస్., ఉప్పల్)

జవాబు: కట్టకండి. లిస్టయిన కంపెనీ షేరును విలీనానికి ముందైనా తర్వాతైనా ఎవరైనా బ్రోకర్ దగ్గర మార్కెట్ ధరకు కొనుక్కోవచ్చు. ‘ప్రీ-మెర్జర్’ అనే ప్రత్యేక సరుకు ఎక్కడా లేదు. నిజంగా బయటికి రాని విలీనం సంగతి ఎవరికైనా తెలిసి దాని మీద షేర్లు కొంటే, అది ఇన్‌సైడర్ ట్రేడింగ్, అక్కడ జైలు. ఇక ఆస్ట్రేలియాలో లిస్టయిన కంపెనీలో 20 శాతం దాటి కొనాలంటే మామూలుగా అందరికీ బహిరంగంగా ఆఫర్ ఇవ్వాల్సిందే, ఉప్పల్‌లో లక్ష లక్షగా పోగుచేసి గుట్టుగా కొనే పని కాదు. ఇప్పటికే కట్టి ఉంటే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ వాళ్ళకు ఇవాళే చెప్పండి.

ఫొటో చూశాను. అది ‘వాళ్ళ గని’ కాదు, కాల్గూర్లీ సూపర్ పిట్. ఎడమ మూల చూడండి, సందర్శకులు నిలబడే చోట కంచె కనిపిస్తోంది. ఆదివారాలు టిఫిన్ డబ్బా పట్టుకుని నేను నిలబడేది అక్కడే.